తెగిన లంకెను తీసేయకు

బరంపురం

అమ్మాయీ,

వ్యాసం బాగుంది. నాచేత ఈ ఉత్తరం రాయిస్తున్నది మాత్రం మూడో పేజీలో నువ్వు చెరపడం మరచిన జంట బ్రాకెట్లు, అంటే నీ అబ్సిడియన్ నోట్సు యాప్‌లో మరో నోటుకు వేసే లంకె: [[గిడుగు పర్లాకిమిడి వదిలిన రోజు]]. నీ ఫోల్డరంతా వెతికాను, ఆ పేరుతో నోటు లేదు. యాభై ఏళ్లకు పైగా బతికిన ఊరు 1936లో ఒడిశాలో కలిసిందని ఆ పెద్దాయన రాజమండ్రికి వెళ్లిపోయారు. వ్యాసానికి ప్రాణమైన ఆ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. పైగా తెగిన నలభై లంకెలనూ ఒక్కసారిగా తీసేసే ఉపాయం చెప్పమంటావా? చెప్పను.

సగానికి పైగా ఊళ్ల పేర్ల దగ్గరే తెగాయి. ఒకచోట పర్లాకిమిడి, మరోచోట పర్లాఖిమిడి, బస్సు బోర్డు చూసి రాసుకున్ననాడు పారళాఖెముండి. మన సరిహద్దు ఊళ్లకు ఒకే పేరు ఎప్పుడుంది కనుక? అబ్సిడియన్‌లో ఉండి పేరు మారిస్తే లంకెలను అదే దిద్దుతుంది. నువ్వు బయట ఫోల్డరు తెరిచి మార్చావు. ఒక పేరు ఖాయం చేసి లంకెలన్నిటికీ అదే పెట్టు. మిగతావి మారుపేర్లుగా ఆ నోటులోనే ఉంచు.

మా బరంపురానికే మరో పేరు ‘బ్రహ్మపూర్’ నన్ను ఒక పూట ఏడిపించింది. లంకెలోనూ అదే, నోటు పేరూ అదే. విసిగి, చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కాను. ఒక్క అక్షరమూ చెరగలేదు గానీ లంకె అతుక్కుంది! పొల్లు తరువాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, అక్షరాలను కలవనీయని గుర్తు, దాక్కుని ఉంది.

బయటి వెబ్ పేజీల పాత చిరునామాలను, పాత పేజీలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో వేసి చూడు. దొరకనివి దొరకవు.

నా చీటీలు బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి. ఒకదాని మీద ‘సవర పెళ్లిపాట, ఆకుపచ్చ పుస్తకం చూడు’ అని రాసుకున్నాను. ఇల్లు మారినప్పుడు ఆ పుస్తకానికి ఖాకీ అట్ట వేశాను. ఆధారం చూపలేదని సంపాదకుడు వ్యాసం తిప్పి పంపాడు. అంతకుముందు నా వ్యాసంలో పర్లాకిమిడినల్లా చెరిపి సర్కారు పేరు పెట్టిన మహానుభావుడే, ఆయనకు ఆధారాల పట్టింపు! నాలుగేళ్లకు పుస్తకం దొరికింది. పాడిన ముసలమ్మ ఊరు అందులోనే ఉంది. వెళ్లాను. ఆవిడ లేదు.

ఆ చీటీ మీద ‘ఎవరు పాడారు, నాకెందుకు కావాలి’ అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆకుపచ్చతో పనేముంది? లంకె పక్కన ఒక వాక్యం రాయి. లంకె తెగినా వాక్యం మిగులుతుంది. ఇప్పుడందరూ నోట్సును చుక్కలూ గీతల బొమ్మగా చూసి మురిసిపోతూ లూమాన్ పేరు జపిస్తున్నారు. ఆ జర్మన్ పండితుడు దాదాపు 90,000 చీటీలు రాసి, ఒక్కొక్కదానికీ సంఖ్య వేశాడు. ఆ ఓపిక గురించి ఎవరూ మాట్లాడరు.

ముందు గిడుగు నోటు రాసి పంపు. మిగతా ముప్పై తొమ్మిది సంగతి తరువాత.

ఆశీస్సులతో,
మీ మాస్టారు