బీఎస్/ఎండీకి నైన్త్ గ్రేడ్ నుంచే ఏం చేయించాలి?

"మావాడు నైన్త్ గ్రేడ్, అమెరికాలోనే పుట్టాడు. బీఎస్/ఎండీకి ఇప్పట్నుంచే ఏం చేయించాలి?" అని అడిగారు. (హైస్కూల్ అవగానే డిగ్రీకీ, ఆ తర్వాతి మెడికల్ స్కూల్‌కీ ఒకేసారి సీటిచ్చే ప్రోగ్రామే బీఎస్/ఎండీ.) నేనూ నాలుగేళ్ల కిందట మా అమ్మాయి గురించి ఇలాగే అందరినీ అడిగి విసిగించానండి.

మీవాడు ఇక్కడే పుట్టాడు కాబట్టి పెద్ద గండం గడిచినట్టే. ఈ ప్రోగ్రాముల్లో చాలావాటికి సిటిజన్‌షిప్పో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్-4 వీసా (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చేది) మీదున్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు ఆ నిబంధన చూసుకోండి.

హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే ఏపీ బయాలజీ, ఏపీ కెమిస్ట్రీ, కాలిక్యులస్, మంచి శాట్ (కాలేజీ అడ్మిషన్ పరీక్ష) స్కోరు... పోటీకొచ్చే పిల్లలందరికీ ఇవి ఉంటాయి. మనం ఎంసెట్ రాసి వచ్చినవాళ్లం కదా, ఇంకో పది మార్కులొస్తే సీటు మనదే అనుకుంటాం. నేనైతే టెన్త్ అయ్యాక సమ్మర్‌లో డబ్బు కట్టి ఒక రీసెర్చ్ ప్రోగ్రామ్‌లో చేర్పించాను. రెండు వారాలు, ఒక సర్టిఫికెట్. ఇంటర్వ్యూల్లో దాని ఊసే ఎవరూ ఎత్తలేదు.

వాళ్లు అడిగిందంతా నర్సింగ్ హోమ్ గురించే. (మన ఊళ్లో నర్సింగ్ హోమ్ కాదు, ఇక్కడ పెద్దవాళ్లుండే చోటు.) మా దగ్గర ఆసుపత్రి 16 నిండనిదే వాలంటీర్లను తీసుకోదు, అందుకని మా అమ్మాయి ఈ నర్సింగ్ హోమ్‌లో చేరింది. రెండేళ్లపాటు ప్రతి శనివారం బింగో ఆడించడం, వీల్‌చెయిర్ తోయడం, పేపర్ చదివి వినిపించడం. ఇంటికి రాగానే, ఎవరి పేర్లూ లేకుండా, నాలుగు ముక్కలు నోట్‌బుక్‌లో రాసుకునేది. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి అప్లై చేసే వెబ్‌సైట్) ఒక్కో యాక్టివిటీకి ఇచ్చేది 150 అక్షరాలే. అప్పుడా నోట్‌బుక్కే ఆదుకుంది.

"డాక్టరే ఎందుకు, నర్సు ఎందుకు కాకూడదు?" అని అడిగారట. తాతయ్య గుండెపోటు కథ నేను బట్టీ పట్టించి పంపాను. అది చెప్పలేదు మహాతల్లి. ఒక పెద్దాయన మాత్రలు వేసుకోనని మొండికేస్తే నర్సు రోజూ బతిమాలేదట. చివరికి డాక్టర్ వచ్చి, ఆయనకి కళ్లు తిరగడానికి ఆ మాత్రల్లో ఒకటే కారణమని తేల్చి మానిపించారట. "ఆ తేల్చే పని నాకు కావాలి" అందట.

ప్రోగ్రాములన్నీ ఒక్కలా ఉండవు. బ్రౌన్ యూనివర్సిటీలో పీఎల్ఎంఈ అనే ప్రోగ్రామ్ 8 ఏళ్లు, ఎమ్‌క్యాట్ (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష) అక్కర్లేదు. కాన్సాస్ సిటీలో యూఎంకేసీ యూనివర్సిటీది 6 ఏళ్లు. 17 ఏళ్ల పిల్లలకి ఆ వేగం ఎక్కువేనని నా అభిప్రాయం. కొన్నిచోట్ల ఎమ్‌క్యాట్‌లో ఇంత రావాలంటారు. జీపీఏ (కాలేజీ మార్కుల సగటు) తగ్గితే మెడికల్ సీటు పోయేవీ ఉన్నాయి. "గ్యారంటీ" అన్న మాట చూసి మురిసిపోకండి.

మేం 9 చోట్ల అప్లై చేస్తే 3 ఇంటర్వ్యూలు, 1 సీటు. అందుకని మామూలు ప్రీమెడ్ (మెడిసిన్‌కి ముందు చేసే డిగ్రీ) కాలేజీలకి కూడా తప్పకుండా అప్లికేషన్ పెట్టించండి. ఈలోగా మీవాణ్ణి ఒక శనివారం అలాంటి చోట దింపి, మీరు కార్లోనే కూర్చోండి. రెండో శనివారం వాడంతట వాడే బయల్దేరతాడేమో చూడండి.