ఎవరి ఆది జాకెట్‌తో కొలుచుకుంటున్నారు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నాకు 41 ఏళ్లు. ఆరేళ్ల కిందట రొయ్యల చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలి మావారు బాగా నష్టపోయారు. అప్పటినుంచి ఇంట్లోనే మిషన్ పెట్టి జాకెట్లు కుడుతున్నాను. ఇప్పుడు నా దగ్గర ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. పాప డిగ్రీ చదువుతోంది. అప్పట్లో తాకట్టు పెట్టిన గొలుసు కిందటి నెల విడిపించి బీరువాలో పెట్టాం, కానీ ఇంకా మూడు లక్షల అప్పు ఉంది. కువైట్‌లో ఉన్న మా తోడికోడలు ఇక్కడ మేడ కట్టేసింది. నేను మాత్రం ఎక్కడున్నానో అక్కడే ఉన్నాననిపిస్తుంది. పది నిమిషాలు ఊరికే కూర్చున్నా తప్పు చేసినట్టుంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆరేళ్ల తర్వాత ఇంటికొచ్చిన గొలుసుకి మీ ఉత్తరంలో ఇచ్చింది ఒక్క ముక్క. అదీ ‘కానీ’ అంటూ అప్పు కిందకి తోసేశారు. విడిపించిన రోజు ఇంట్లో కాస్త పాయసమైనా కాచారా? కాచి ఉండరు. ఎవరిదో పెళ్లి జాకెట్ అర్జెంటని ఆ సాయంత్రం కూడా మిషన్ మీదే ఉండుంటారు. మీ ఒక్కరి సంగతే కాదులెండి, మంచి జరిగిందని పైకి అంటే దిష్టి తగులుతుందని మనలో చాలామందికి భయం, అనకపోగా అనకపోగా చివరికి మనకే గుర్తుండదు.

మీ పనిలో మాటే చెప్తాను. ఒకావిడ జాకెట్ కుట్టాలంటే ఆవిడ ఆది జాకెట్టే తెమ్మంటారు కదా. పక్కింటావిడది పెట్టి కత్తిరిస్తే ఏమవుతుందో నాకన్నా మీకే తెలుసు. మరి మీ ఆరేళ్లని కువైట్ జీతంతో కొలుచుకోవడమేంటి? చెరువు పోయిన ఏడాది మీరెలా ఉన్నారో, అదీ మీ ఆది. అప్పుడు ఒక్క మిషను, నెత్తిన అప్పు. ఇవాళ ఇద్దరమ్మాయిలు మీ దగ్గర పనిచేసి ఇంటికి డబ్బులు పట్టుకెళ్తున్నారు. ఇది ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉండటమా?

దొరికినదానికి మనసు ఇట్టే అలవాటు పడిపోతుంది, మిగిలిన బాకీ మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. అందరికీ అంతే. 2005లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు దీని మీద ఓ చిన్న పని చేయించి చూశారు. వారంపాటు రోజూ రాత్రి, ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు, ఒక్కోటి ఎందుకు జరిగిందో కారణంతో సహా రాయాలి. అంతే. రాసినవాళ్లలో ఆర్నెల్ల తర్వాత చూసినా దిగులు తగ్గి కనిపించింది, వారం అయ్యాక కూడా మానకుండా రాసుకున్నవాళ్లకి ఇంకా బాగా పనిచేసింది.

మీరు కొలతలు రాసుకునే పుస్తకంలోనే వెనక పేజీ నుంచి మొదలుపెట్టండి. గొప్ప సంగతులు అక్కర్లేదు. ‘ఫలానావిడ చేతులు భలే కుదిరాయంది, నచ్చక రెండోసారి విప్పి కుట్టాను కనక.’ ‘పాప అడక్కుండానే హుక్కులు కుట్టిపెట్టింది, నా కళ్లు లాగుతున్నాయని చూసింది కనక.’ ఆ ‘కనక’ దగ్గర మాత్రం బద్ధకించకండి, మీ కష్టం బయటపడేది అక్కడే. ఏ రోజైనా రాయలేకపోతే వదిలెయ్యండి, దాన్ని ఇంకో బాకీ చేసుకోవద్దు.

కూర్చుంటే తప్పంటారా? దాళ్వా, అదే రెండో పంట, అయ్యాక మన కాలువలే కట్టేస్తారు కదమ్మా. పూడికలు తీసేదీ, లాకులు బాగుచేసేదీ ఆ ఎండాకాలంలోనే. నాలుగింటికి మిషన్ ఆపి టీ గ్లాసుతో అరుగు మీద కూర్చోండి, ఫోను లోపలే పెట్టి. కొబ్బరాకుల చప్పుడు, వీధిలో చేపలావిడతో ఎవరిదో బేరం, గ్లాసు వేడికి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం. మొదటి నాలుగు రోజులూ కాళ్లు లోపలికే లాగుతాయి. లేవకండి.

ఇదంతా చెప్పానని కష్టాన్ని మింగేసి నవ్వుతూ కూర్చోమని కాదు. ఆ మూడు లక్షల లెక్క మీ ఒక్కరి బుర్రలోనే తిరుగుతోందేమోనని నా అనుమానం. మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని, నెలకి ఎంత కట్టగలరో, ఎప్పటికి తీరుతుందో ఇద్దరూ కాగితం మీద వేసుకోండి, సగం టెన్షన్ అక్కడే దిగుతుంది. రెండు వారాలు దాటినా దేనిమీదా ఇష్టం లేకుండా, నిద్రా ఆకలీ కూడా చెడిపోతే అది పుస్తకంలో రాసుకుంటే పోయేది కాదు. డాక్టర్ని కలవండి, లేదా మనసు బాగోనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు.

ఇక ఆ గొలుసు. పెళ్లీ పేరంటం లేకపోయినా సరే, వచ్చే శుక్రవారం తీసి మెళ్లో వేసుకోండి. కొత్తదా అని ఎవరైనా అడిగితే, కాదండీ, పాతదే, విడిపించుకున్నాం అని చెప్పండి. దిష్టి భయమైతే సాయంత్రం పాపచేత ఇంత ఉప్పు తిప్పించుకోండి.