అమెరికాలో హౌసింగ్ అథారిటీ దగ్గర మిగులుగా ఉన్న స్థలం కొనాలంటే

హౌసింగ్ అథారిటీ అంటే పేదలకు ప్రభుత్వ అద్దె ఇళ్లు (పబ్లిక్ హౌసింగ్) నడిపే స్థానిక సంస్థ. దాని ఇళ్ల సముదాయం వెనక ఖాళీగా పడున్న ముక్కను కొనొచ్చా అని కదా మీరు అడిగింది? ‘మాకు అక్కర్లేదు’ అని ఆ సంస్థ బోర్డు తీర్మానం చేసినంత మాత్రాన అది అమ్మకానికి వచ్చినట్టు కాదు. ముందు కౌంటీ రికార్డుల్లో దానిమీద డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఆ స్థలాన్ని పబ్లిక్ హౌసింగ్‌కే కట్టిపడేసే పత్రం) నమోదై ఉందేమో చూడండి. ఉంటే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ ‘హడ్’ రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా అమ్మకూడదు, తాకట్టూ పెట్టకూడదు. కనబడకపోయినా తొందరపడొద్దు. పబ్లిక్ హౌసింగ్ నిధులతో కొన్నదైతే, పత్రం నమోదు చేయడం మరిచినా నిబంధన వర్తిస్తుంది.

1937 నాటి ఫెడరల్ గృహ చట్టం 18వ సెక్షన్, హడ్ నియమావళిలోని 970వ పార్టు నిబంధనలు దీనికి ఆధారం. ఖాళీ స్థలం, ఆఫీసు, షెడ్డు లాంటివాటికి చూపాల్సిన కారణం తేలికే: మిగతా ఇళ్ల అవసరానికి మించి ఉందనో, అమ్మితే వాటి నిర్వహణకు అడ్డం రాదనో చెబితే చాలు. మనుషులున్న ఇళ్లయితే వేరే లెక్క. 90 రోజుల నోటీసు, మారడానికి ఇల్లు, తరలింపు ఖర్చు అన్నీ చూడాలి.

హౌసింగ్ అథారిటీ పెట్టే దరఖాస్తు షికాగోలో ఉన్న హడ్ విభాగం స్పెషల్ అప్లికేషన్స్ సెంటర్‌కి వెళ్తుంది. అద్దెకున్నవాళ్లతో, నగర పాలకులతో సంప్రదింపులు అయ్యాకే బోర్డు తీర్మానం చేయాలి. తేదీ అంతకు ముందుదైతే మళ్లీ చేసుకోవాల్సిందే. నగరం మద్దతు లేఖ, పర్యావరణ సమీక్ష, బయటి అప్రైజర్ (ఆస్తి విలువ లెక్కగట్టే నిపుణుడు) కట్టిన విలువ, వచ్చే డబ్బు దేనికి వాడతారన్న వివరం కూడా ఉండాలి.

పని బెడిసేది చాలాసార్లు సర్వే దగ్గరే. సముదాయం మొత్తం రికార్డుల్లో ఒకే పార్సిల్‌గా (ఒకే స్థలంగా) ఉంటే ముక్కను విడదీయించాలి. మురుగు లైనో, మిగతావాళ్ల పార్కింగ్‌కి దారో అందులోంచి పోతుంటే ఈజ్‌మెంట్ (ఆ వాడకం హక్కు) రాయించాలి. దరఖాస్తులో రాసిన హద్దులకీ డీడులో హద్దులకీ తేడా వస్తే ట్రస్టు విడుదల, అంటే ఆ డిక్లరేషన్ నుంచి స్థలాన్ని విడిపించడం, ఆగుతుంది; టైటిల్ ఇన్సూరెన్సూ (యాజమాన్య హక్కుకు బీమా) ఆగుతుంది.

ఇంకొకటి, ‘5 ఇళ్లు లేదా 5 శాతం’ మినహాయింపు. 5 ఏళ్లలో ఆ రెండిట్లో ఏది తక్కువైతే అన్ని ఇళ్లను, కొన్ని షరతులతో, దరఖాస్తు లేకుండా కూల్చవచ్చు. కూల్చడం వరకే సుమా! ఆ నేల అమ్మాలంటే మళ్లీ ఆమోదం కావాలి.

ధర విషయానికొస్తే, మామూలు పద్ధతి మార్కెట్ విలువకు తగ్గకుండా బహిరంగ అమ్మకం. టెండర్ లేకుండా నేరుగా మీకివ్వాలంటే హడ్ ఒప్పుకోవాలి. తక్కువకు ఇవ్వాలంటే రాష్ట్ర చట్టం అనుమతించాలి, ఆ తగ్గింపుకు సరితూగే ప్రజాప్రయోజనం, అంటే పేదలకు ఇళ్లు కట్టడం లాంటిది, చూపించాలి.

అగ్రిమెంటులో హడ్ ఆమోదం, పర్యావరణ సమీక్ష రెండూ షరతులుగా రాయించుకోండి. సమీక్ష పూర్తికాకుండా వెనక్కి తీసుకోలేని ఒప్పందానికి సంతకం పెడితే ఆ సమీక్షకే చిక్కొస్తుంది. డీడు రిజిస్టరయ్యే రోజునే ట్రస్టు విడుదల పత్రాన్నీ రిజిస్టర్ చేయించండి.