ఆ మరక ప్రింటు తప్పు కాదు

ప్రశ్న: టవర్ క్లాక్ దగ్గర పాత పుస్తకాల అంగట్లో మా పాప ఒక బొమ్మల పుస్తకం కొనుక్కొచ్చింది. అందులో హోల్బైన్ వేసిన 'రాయబారులు' అనే చిత్రంలో ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు, మధ్యలో అరల నిండా ఏవేవో సామాన్లు. వాళ్ల కాళ్ల దగ్గర మాత్రం ఏటవాలుగా సాగిపోయిన మరక ఒకటుంది. అంగడాయన్ను అడిగితే నవ్వి ఊరుకున్నాడంట. ప్రింటు తప్పా? అన్ని సామాన్లు ఎందుకు వేసినట్టు?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తప్పు కాదండీ, అది పుర్రె. పేజీని నిటారుగా పట్టుకుని, కుడి అంచుకు కన్ను ఆనించినట్టు పెట్టి ఓరగా చూడండి, సాగిన మరకంతా దగ్గరకొచ్చి పుర్రె అయిపోతుంది.

1533లో లండన్లో వేసిన చిత్రమిది. ఎడమవైపు ఉన్నాయన ఫ్రాన్సు రాయబారి, వయసు 29. కుడివైపు ఆయన స్నేహితుడు, 25 ఏళ్లకే బిషప్. పై అరలో నక్షత్రాల గోళం, నీడ గడియారాలు. కింది అరలో గ్లోబు, పాటల పుస్తకం, వర్తకుల కోసం జర్మన్‌లో అచ్చేసిన లెక్కల పుస్తకం. అదీ భాగహారం పేజీ దగ్గర తెరిచి ఉంది! పక్కనే ల్యూట్ అనే వాయిద్యానికి ఒక తీగ తెగి ఉంటుంది. అప్పుడు యూరప్‌లో చర్చి రెండుగా చీలుతోంది కదా, ఆ టెన్షనే ఇలా చూపించాడని చాలామంది అంటారు, నాకూ సబబే అనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆ ల్యూటే. గుండ్రటి పొట్ట ఉన్న ఆ వాయిద్యాన్ని చూసేవాడి వైపు తిప్పి గీయడం మహా కష్టం. దారం కట్టి, చుక్క చుక్కగా కొలిచి దాన్నెలా గీయాలో డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు 1525లోనే తన జ్యామితి పుస్తకంలో బొమ్మేసి చూపించాడు. దూరాన్ని కొలిచే ఆ లెక్కనే హోల్బైన్ కావాలని సాగదీస్తే ఈ పుర్రె వచ్చింది. అంటే ఆ కాలం చదువు అరల్లోని సామాన్లలోనే లేదు, గీసిన చేతిలోనూ ఉంది.

మన లేపాక్షి గుడి కప్పు మీది బొమ్మలూ ఇంచుమించు ఆ రోజులవే, అచ్యుతదేవరాయల కాలంవి. వాటిలో నీడల్లేవు, లోతు లేదు, ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి. కానీ ఆ చీరల మీది అద్దకాలు, అంచులు చూడండి, అది నేతగాళ్ల చదువు.

పుర్రె దొరికాక ఎడమవైపు పై మూలకు వెళ్లండి. మీ పుస్తకంలో అంచు కత్తిరించకుండా ఉంటే, ఆకుపచ్చ తెర చాటున సగం దాక్కున్న శిలువ కనిపిస్తుంది. పాపనే వెతకమనండి.