ఒకరు ఆవలిస్తే పక్కవాళ్లకీ ఎందుకు అంటుకుంటుంది?

ఇందులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి: ఆవలింత ఎందుకు వస్తుంది, ఎదుటివాళ్లని చూస్తే ఎందుకు అంటుకుంటుంది. రెండిటినీ కలిపేస్తే జవాబు దొరకదు. కడుపులో ఉన్న బిడ్డ కూడా ఆవలిస్తుంది, స్కానింగ్‌లో కనిపిస్తుంది. ఇంకొకరిని చూసి ఆవలించడం మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా సరిగ్గా మొదలవదు.

‘ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే ఆవలింత వస్తుంది’ అని చాలామంది అంటుంటారు. ఆ మాట వదిలేయండి. 1987లో అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం విద్యార్థుల చేత అచ్చంగా ఆక్సిజన్ పీల్పించింది, 3 శాతం, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి కూడా పీల్పించింది. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఊపిరి వేగం పెరిగింది కానీ ఆవలింతలు పెరగలేదు. ఆక్సిజన్ ఇస్తే తగ్గనూ లేదు. అసలు ఉమ్మనీటిలో ఉన్న బిడ్డకి పీల్చడానికి గాలి ఎక్కడిది?

ఎప్పుడొస్తుందో గమనిస్తే కొంత అర్థమవుతుంది. నిద్రకి ముందు, లేచిన వెంటనే, విసుగు పుట్టినప్పుడు, పరీక్షకో పోటీకో ముందు. అంటే మెదడు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారే వేళల్లో. మెదడు వేడిని తగ్గించడానికే అని ఆండ్రూ గాలప్ అనే శాస్త్రవేత్త వాదం: దవడ బాగా సాగినప్పుడు తలలో రక్తప్రసరణ పెరుగుతుంది, లోపలికి పోయే గాలి చల్లబరుస్తుంది. 2007 ప్రయోగంలో నుదుటిమీద వెచ్చటి లేదా మామూలు ప్యాక్ పెట్టుకుని ఆవలింతల వీడియో చూసినవాళ్లలో 41 శాతం ఆవలించారు, చల్లటి ప్యాక్ పెట్టుకున్నవాళ్లలో 9 శాతమే. ముక్కుతో మాత్రమే ఊపిరి తీసినవాళ్లలో ఒక్కరికీ అంటుకోలేదు. ఈ వాదాన్ని ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు. కానీ మీటింగులో ఆవలింత ఆపుకోవాలంటే ఈ ఫలితాలే పనికొస్తాయి: నోరు మూసి ముక్కుతో నిదానంగా పీల్చండి, వీలైతే నుదుటిమీద తడిగుడ్డ వేసుకోండి. పళ్లు బిగబడితే లాభం లేదు. ఆవలింత వచ్చే తీరుతుంది, తృప్తి మాత్రం ఉండదు.

ఇక అంటుకోవడం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే పక్కవాళ్లకి రాదనుకుంటాం. ప్రొవైన్ వీడియోలో నోరు కనబడకుండా చేసినా చూసినవాళ్లు ఆవలించారు, నోరొక్కటే చూపిస్తే పెద్దగా ఆవలించలేదు. చిట్లించిన కళ్లు, మొత్తం ముఖం కదలికే పని చేస్తున్నాయన్నమాట. (ఆవలిస్తూ చిటికెలు వేసే అలవాటు కూడా అంటుకోకుండా ఆపదు, చప్పుడికి అందరూ ఇటే చూస్తారు!)

జాలిగుండె ఉన్నవాళ్లకే అంటుకుంటుందనే మాట మీద నాకు నమ్మకం తక్కువ. 2014లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం 328 మందికి మూడు నిమిషాల ఆవలింతల వీడియో చూపిస్తే 222 మంది ఒక్కసారైనా ఆవలించారు. సానుభూతి కొలతలతో దానికి చెప్పుకోదగ్గ లంకె దొరకలేదు. వయసు పెరిగినవాళ్లకి కాస్త తక్కువగా అంటుకుంది, అంతే. ఇంట్లోవాళ్ల ఆవలింత బయటివాళ్లదానికన్నా తొందరగా అంటుకుంటుందన్న పరిశీలన ఉంది, అయితే మనవాళ్ల ముఖం మనం ఎక్కువ చూస్తామన్నది కూడా అందుకు కారణం కావచ్చు. ఆవలింత అంటుకునేది గుంపును ఒక్క ఊపులోకి తేవడానికే అన్నది నాకు ఎక్కువ సబబుగా తోస్తుంది. 2021లో దక్షిణాఫ్రికా సింహాల మీద చేసిన పరిశీలనలో, ఒకదాన్ని చూసి ఇంకొకటి ఆవలించాక రెండూ ఒకే పని చేయడం, ఒకటి లేస్తే రెండోదీ లేవడం ఎక్కువగా కనిపించింది.

జంతువుల్లో నోరు తెరిచిందల్లా ఒకే ఆవలింత కాదు. 2008లో లండన్‌లో 29 కుక్కల ముందు మనిషి ఆవలిస్తే 21 కుక్కలు ఆవలించాయి. అదే కుక్క పశువుల డాక్టర్ బల్లమీద ఆవలిస్తే అది బెదురు. గుడి మెట్లమీద మగకోతి మిమ్మల్నే చూస్తూ కోరలు బయటపెట్టి ఆవలిస్తే దానికి నిద్రొస్తోందనుకోకండి, అది హెచ్చరిక. పళ్లు చూపించి నవ్వకుండా, చేతిలోది దాచిపెట్టి పక్కకి తప్పుకోండి. పాము ఎరను మింగాక నోరు తెరవడం దవడలు సర్దుకోవడానికే.

దవడ తరచూ పట్టేసేవాళ్లు ఆవలింత మొదలవగానే గడ్డం కింద పిడికిలి ఆనించి తల కొంచెం వంచాలి, నోరు మరీ తెరుచుకోదు. తెరుచుకుని మూతపడకపోతే ఇంట్లో ఎవరూ నొక్కకూడదు, డెంటల్ డాక్టర్ దగ్గరికో ఆసుపత్రికో వెళ్లాలి.

రాత్రి గురక పెడుతూ పగలంతా ఆవలిస్తుంటే నిద్రలో ఊపిరి ఆగుతోందేమో పరీక్ష చేయించుకోండి. డిప్రెషన్‌కి సెర్ట్రలిన్ లాంటి మాత్రలు మొదలుపెట్టాక పెరిగితే డాక్టర్‌కి చెప్పండి, సొంతంగా ఆపేయొద్దు. కొందరికి మైగ్రేన్ రావడానికి కొన్ని గంటల ముందు ఆవలింతలు మొదలవుతాయి. ఒళ్లు చెమటలు పట్టి, కళ్లు చీకట్లు కమ్ముతూ వరసగా ఆవలింతలొస్తే కళ్లు తిరిగి పడిపోబోతున్నారని అర్థం: వెంటనే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. బండి నడుపుతూ ఆవలింత మీద ఆవలింత వస్తుంటే అద్దం దించడం, పాటలు పెట్టడం సరిపోదు. బండి పక్కన ఆపి, టీ తాగి, 15–20 నిమిషాలు కునుకు తీసి బయల్దేరండి.