పతకాల దగ్గర తడబడిన కథ గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) చనిపోయిన మద్రాస్ సాపర్ మీద, అంటే బ్రిటిష్ ఇండియా సైన్యపు ఇంజనీరింగ్ దళం సిపాయి మీద, నువ్వు రాసిన కథ చదివాను. తల్లి పాత్ర నిలబడింది, పతకాలే నిలబడలేదు. శవం చొక్కా మీద మూడు పతకాలు మెరిశాయన్నావు. అవి యుద్ధం ముగిశాక తయారై ఇళ్లకు చేరినవి. పోయినవాడు వాటిని చూడనే లేదు.

పైగా నీ కుర్రాడు బస్రాలో దిగింది 1916లో. 1914-15 స్టార్ అనే పతకం అతనికి రాదు. 1915 డిసెంబర్ 31లోపు యుద్ధరంగంలో ఉన్నవాళ్లకే అది. మిగిలినవి రెండు: వెండి బ్రిటిష్ వార్ మెడల్, కంచు విక్టరీ మెడల్. రెండూ 36 మిల్లీమీటర్ల బిళ్లలే. కూలీ దళాల వాళ్లకైతే వార్ మెడల్ కూడా కంచుదే ఇచ్చారు, ఆ తేడా ఎప్పుడైనా పనికొస్తుంది. నంబరు, హోదా, పేరు, దళం ఉండేది అంచు మీద. కాబట్టి మనవడి చేత బిళ్లను నిలబెట్టి వేళ్ల మధ్య తిప్పించు. పండగ పండక్కీ విభూతితో తోమే ఇల్లయితే ఆ సన్నటి అక్షరాలు అరిగిపోతాయి. సగం చెరిగిన పేరు కథకు మంచిదే, వదులుకోకు.

అసలు వస్తువును మాత్రం మర్చిపోయావు. చనిపోయినవాళ్ల కుటుంబాలకే పంపిన కంచు ఫలకం ఒకటుంది. అడ్డకొలత 120 మిల్లీమీటర్లు, అరచెయ్యి నిండిపోతుంది. బ్రిటన్‌కు ప్రతీకైన స్త్రీమూర్తి బ్రిటానియా, సింహం, ఓ చిన్న చట్రంలో ఉబ్బెత్తుగా పేరు. హోదా ఉండదు. ప్రాణం ఇచ్చిన చోట పెద్దా చిన్నా లేదని కావాలనే తీసేశారు. ఇంగ్లండు జనం దాన్ని ‘చచ్చినవాడి పెన్నీ’ అన్నారు. అదే సామ్రాజ్యం మెసొపొటేమియాలో పోయినవాళ్ల కోసం కట్టిన బస్రా స్మారకం దగ్గరికొచ్చేసరికి మన అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను దళానికి ఇంతమందని అంకెల్లో సరిపెట్టింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకో. నీ కోపం వాక్యాల్లో కనిపించనక్కర్లేదు.

ఇంకో మాట. ఫలకం మీద ఉన్నదంతా ఇంగ్లీషు. ఆ తల్లికి ఎవరు చదివిపెట్టారు? కరణమా, పోస్టుమాస్టరా? కొడుకు పేరును అతను ఎలా పలికాడు? నీ కథలో లేని సన్నివేశం అదే. రెండో పేజీ కొట్టేసి అక్కడ అది రాసి పంపు. పతకాల వర్ణన నాలుగు వాక్యాలు దాటనివ్వకు.