సబ్రోగేషన్ లాయర్ పని: పగిలిన నట్టు పారేస్తే ఫైలు పోయినట్టే

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీ చేసి మూడేళ్లు ప్రాక్టీసు చేశాను. ఇప్పుడు డాలస్‌లో ఎల్‌ఎల్‌ఎం చదువుతున్నాను. ఇన్సూరెన్స్ సబ్రోగేషన్ చేసే లా ఆఫీసులో అవకాశం ఉందట. ఇమ్మిగ్రేషన్ వైపు వెళ్లమని అందరూ అంటున్నారు. ఇందులో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: ఉంటుంది, నిక్షేపంగా ఉంటుంది. మనవాళ్లకు తెలిసిన లాయరు వీసా లాయరు ఒక్కరే కాబట్టి సలహా కూడా అటే ఇస్తారు. ఇల్లు తగలబడో, నీళ్లు కారో పాలసీదారుకు ఇన్సూరెన్స్ కంపెనీ సొమ్ము కట్టేస్తుంది. ఆ నష్టానికి కారకులైనవాళ్ల నుంచి ఆ సొమ్మును తిరిగి రాబట్టడమే సబ్రోగేషన్. ఏ కాలంలోనైనా ఉండే పని ఇది.

లాయరు లైసెన్సుకు రాసే బార్ పరీక్ష అర్హత ఒక్కో రాష్ట్రానికి ఒక్కోలా ఉంటుంది. న్యూయార్క్‌కు సాధారణంగా 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం కావాలి. విదేశంలో లాయరుగా నమోదైనవారిని కాలిఫోర్నియా అది లేకుండానే రానిస్తుంది. టెక్సాస్ సంగతి అక్కడి బోర్డు సైటులో చూసుకోండి. ఫీజు కట్టాక కాదు, కట్టకముందే.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. మీ నెత్తిన చదువు అప్పు ఉంటుంది కాబట్టి మిగతావన్నీ దాని తర్వాతే. ఈ పనిలో ప్రతి ఫైలునూ ముందు డబ్బుగా చూడాలి. ఉదాహరణకు రిపేరు బిల్లు 62,000 డాలర్లు అనుకోండి. అవతలి పక్షం ఇన్సూరెన్స్ కంపెనీ, వస్తువులు పాతబడ్డాయని తరుగు కింద 9,000 కోసి, 53,000 నుంచి మాట మొదలుపెడుతుంది. 60 శాతానికి రాజీ కుదిరితే వచ్చేది 31,800. లా ఆఫీసు వాటా మూడో వంతు అయితే 10,600. నష్టానికి కారణం తేల్చే ఇంజనీరుకు 4,000 పోతే క్లయింటుకు మిగిలేది 17,200. అందులోంచి పాలసీదారు చేతినుంచి పెట్టుకున్న డిడక్టిబుల్‌లో అతని వంతు అతనికి వెళ్లాలి. ఇదే లెక్క 8,000 డాలర్ల నష్టానికి వేసి చూడండి, ఇంజనీరు ఖర్చుకే సగం పోతుంది. అలాంటి ఫైలుకు డిమాండ్ లెటరు రాసి, ఫోను చేసి, వచ్చినంత తీసుకుని మూసేయాలి. రెండు వైపులా ఇన్సూరెన్స్ కంపెనీలే ఉండి, రెండూ ఆర్బిట్రేషన్ ఫోరమ్స్ (కంపెనీల మధ్య తగాదాలను కోర్టు బయట తీర్చే సంస్థ) ఒప్పందంలో ఉంటే, లక్ష డాలర్ల లోపు ప్రాపర్టీ క్లెయిము కోర్టుకు కాదు, అక్కడికే వెళ్లాలి. కొత్తవాళ్లు ఇది చూసుకోకుండా దావా తయారుచేసి గంటలు వృథా చేస్తారు.

తప్పుల మాటకొస్తే, కిందివన్నీ మా తరం చేసి నేర్చుకున్నవే. మీరు మళ్లీ చేయాల్సిన పని లేదు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు మొదటి వారంలోనే జరుగుతుంది. టాయిలెట్ ట్యాంకు కింద నీళ్ల గొట్టాన్ని బిగించే ప్లాస్టిక్ నట్టు ఒకటి ఉంటుంది. అది రాత్రిపూట పగిలితే తెల్లారేసరికి కింది అంతస్తు దాకా నీళ్లే. ప్లంబరు వచ్చి కొత్తది వేసి, పాతది చెత్తబుట్టలో పడేస్తాడు. మీ కేసు ఉన్నది ఆ బుట్టలోనే. సాధారణంగా పగులు లోపలి మొదటి మర దగ్గర మొదలవుతుంది. ఆ మర మూల మరీ పదునుగా ఉంటే డిజైన్ లోపమని మీరంటారు, బిగించినవాడు పానాతో అతిగా తిప్పాడని తయారీదారు అంటాడు. ఎవరి మాట నిలుస్తుందో చెప్పేది ఆ పగులు ముఖమే. కాబట్టి క్లెయిము మీ చేతికి వచ్చిన రోజే ఫోను చేసి నట్టు, గొట్టం, వాల్వు మూడూ దాయించండి. ఊడదీయకముందు ఫొటోలు తీయించండి. కడగొద్దు, తుడవొద్దు. రెండు ముక్కలూ సరిపోతాయో లేదోనని కలిపి చూడనివ్వకండి, ఆ రాపిడికే ఆనవాళ్లు చెరిగిపోతాయి. సంచిలో పెట్టి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లిందో రాసి ఉంచాలి. నట్టు మీద అచ్చులో పడ్డ తేదీ గుర్తును తప్పక ఫొటో తీయించండి, దాని పని కింద చెప్తాను. కోసి చూసే పరీక్ష ఏదైనా సరే, తయారీదారుకు, బిగించినవాడికి నోటీసు ఇచ్చి, వాళ్ల ఇంజనీర్లు పక్కన ఉండగానే జరగాలి. అలా చేయకపోతే సాక్ష్యం పాడుచేశారని మీమీదే కోర్టులో మోషన్ (అర్జీ) వేస్తారు. అగ్నిప్రమాదమైతే ఇంజనీరు ఎన్‌ఎఫ్‌పీఏ 921 (అగ్నిప్రమాదాల దర్యాప్తు గైడు) పద్ధతి పాటించాడా అన్నదే క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న.

రెండోది తేదీ. కంపెనీ చెక్కు ఇచ్చిన రోజు నుంచి దావా గడువు లెక్కపెట్టేవాళ్లు ఎంతమందో! పాలసీదారు హక్కే మీకు వస్తుంది కాబట్టి గడియారం నష్టం జరిగిన రోజునే మొదలై ఉంటుంది. ఆస్తి నష్టానికి టెక్సాస్‌లో 2 ఏళ్లు, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో 3, ఇల్లినాయ్‌లో 5. ఫ్లోరిడా 2023 మార్చిలో నెగ్లిజెన్స్ (నిర్లక్ష్యం) దావాల గడువును 4 నుంచి 2 ఏళ్లకు తగ్గించింది. న్యూయార్క్ మున్సిపాలిటీ మీదైతే 90 రోజుల్లో నోటీసు పడాలి. ఇవి కాక వస్తువు వయసు గడువు ఇంకొకటి. టెక్సాస్‌లో అమ్మిన తేదీ నుంచి 15 ఏళ్లు దాటితే తయారీదారు మీద సాధారణంగా దావా నిలవదు. నట్టు మీది అచ్చు తేదీ పనికొచ్చేది ఇక్కడే.

మూడోది కాంట్రాక్టు చదవకపోవడం. కమర్షియల్ లీజుల్లో, ఏఐఏ (అమెరికా ఆర్కిటెక్టుల సంఘం) నమూనా నిర్మాణ ఒప్పందాల్లో సబ్రోగేషన్ హక్కు వదులుకున్నట్టు ఒక పేరా తరచూ ఉంటుంది. అది ఇంజనీరుకు 4,000 కట్టాక కంటపడితే ఆ డబ్బు గాలికే. అద్దె ఇంట్లో మంటకు అద్దెదారు కారణమైనా, 1975 నాటి ఓక్లహోమా సట్టన్ తీర్పు దారిలో నడిచే రాష్ట్రాల్లో, లీజు వేరేగా చెప్పకపోతే, ఓనరు ఇన్సూరెన్స్ కంపెనీ అతని మీదికి వెళ్లలేదు.

మన ఎల్‌ఎల్‌బీ అలవాటు ఒకటి ఉంది. 2010 నాటి చరణ్ స్పిన్నింగ్ మిల్స్ తీర్పులో మన సుప్రీంకోర్టు సబ్రోగేషన్‌ను, అసైన్‌మెంట్‌ను (హక్కును రాసివ్వడాన్ని) చక్కగా విడదీసింది. అది చదివినవాళ్లకు మూలసూత్రం వచ్చినట్టే, ఇక్కడివాళ్లకన్నా మీరు ముందున్నారు కూడా. కానీ దావా పాలసీదారు పేరు మీదే వేసే అలవాటు ఇక్కడి ఫెడరల్ కోర్టులో పనికిరాదు. నష్టం మొత్తం కంపెనీ కట్టేసి ఉంటే వాది కంపెనీయే.

బార్ ఫలితాలు వచ్చేలోపు టెక్సాస్ అడ్జస్టర్ (క్లెయిములు పరిశీలించి నష్టం లెక్కగట్టేవారు) లైసెన్సు తెచ్చుకుంటే క్లెయిము ఫైలు లోపలి నుంచి ఎలా ఉంటుందో తెలుస్తుంది. మీ వీసా ఆ పనికి ఒప్పుకుంటుందేమో ముందు చూసుకోండి.

ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగాల్సినవి: ఎంత సైజు ఫైళ్లు ఇస్తారు, ఎక్స్‌పర్ట్ ఖర్చు ముందుగా ఎవరు పెడతారు, జీతం స్థిరమా, రికవరీలో వాటానా? వాటా అంటే ఆగి ఆలోచించండి. ఫైలు తెరిచిన రోజు నుంచి చెక్కు రావడానికి రెండేళ్లు పట్టొచ్చు, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వస్తుంది. హెచ్‌1బీ మీద చేరితే కంపెనీ లేబర్ శాఖకు పెట్టే లేబర్ కండిషన్ అప్లికేషన్‌లో రాసిన జీతం వాళ్లు ఇచ్చి తీరాలి. రికవరీ వచ్చాక సర్దుతామనే మాట అక్కడ చెల్లదు. ఆఫర్ లెటర్‌లో ఆ అంకె కనిపించాకే సంతకం పెట్టండి.